మ్యాటర్ వేరు, అమరిక వేరు: స్టైల్ షీటుతో దుకాణం వెబ్‌సైటును తీర్చిదిద్దే విధానం

పత్తర్‌గట్టిలోని ఒక ముత్యాల దుకాణానికి నేను మొదటిసారి తయారుచేసి ఇచ్చిన వెబ్‌సైటులో 46 పేజీలు ఉండేవి. శీర్షికల ముదురు ఎరుపు రంగు, అక్షరాల సైజు, ఎడమవైపు మెనూ వెడల్పు, ఇవన్నీ ఏ పేజీకి ఆ పేజీలోనే, ఏ ట్యాగుకు ఆ ట్యాగులోనే రాశాను (పేజీలోని ఒక్కో భాగం ఏమిటో చెప్పే కోడు మాటే ట్యాగు). కొన్నాళ్లకు దుకాణం బోర్డు మారింది. యజమాని ఫోన్ చేసి, "బోర్డు ఆకుపచ్చగ మార్పిచ్చినం బేటా, సైటు గూడ అట్లనే చెయ్" అన్నారు. ఆయన లెక్కలో అది అయిదు నిమిషాల పని. నాకు మూడు రోజులు పట్టింది. అంతా అయిందనుకున్నాక కూడా రెండు పేజీలు పాత ఎరుపుతోనే మిగిలిపోయాయని వారం తర్వాత ఒక కొనుగోలుదారు చెబితే తెలిసింది. ఆయన లెక్కే సరైనది. రంగు మార్చడం నిజంగానే అయిదు నిమిషాల పనిగా ఉండాలి, అలా ఉండేటట్లు సైటును కట్టే విధానం అప్పటికే ఉంది కూడా. ఆ విధానం పేరే స్టైల్ షీటు. అటువంటి దుకాణం సైటునే ఉదాహరణగా తీసుకొని, పేజీ అమరికను మొత్తంగా స్టైల్ షీటుకు ఎలా అప్పగించాలో, అందువల్ల ఏ ఏ చోట్ల శ్రమ తగ్గుతుందో ఇక్కడ వివరిస్తాను.

ఒక మాట ముందుగా చెప్పాలి. చదవడానికి వీలుగా కోడు పదాలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఫైలులో టైపు చేసేటప్పుడు ట్యాగుల పేర్లు, ప్రాపర్టీల (అంటే రంగు, వెడల్పు వంటి గుణాల) పేర్లు ఇంగ్లీషు అక్షరాలలోనే ఉండాలి. మనం సొంతంగా పెట్టుకునే పేర్ల సంగతి తర్వాత చెబుతాను.

డీటీపీ వారికి తెలిసిన సంగతే

చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలలో పుస్తకాల పేజీలు కట్టే డీటీపీ ఆపరేటర్లకు ఈ పద్ధతి కొత్తది కాదు. వారు ప్రతి అధ్యాయం పేరునూ విడిగా ఎంచుకొని పాయింటు సైజు మార్చుకుంటూ పోరు. 'అధ్యాయం పేరు' అని ఒక స్టైల్ తయారుచేసి, అవసరమైన పంక్తులన్నింటికీ దాన్నే తగిలిస్తారు. చివరి ప్రూఫు చూసి రచయిత శీర్షికలు కొంచెం చిన్నవి చేయమంటే ఆ ఒక్క స్టైల్‌ను సవరిస్తారు, మూడు వందల పేజీలూ ఒక్కసారిగా సర్దుకుంటాయి. వెబ్ పేజీలో మ్యాటర్‌ను హెచ్‌టీఎంఎల్ ఫైలు మోస్తుంది. ఆ మ్యాటర్ ఎలా కనిపించాలో, ఎక్కడ కూర్చోవాలో సీఎస్ఎస్ ఫైలు, అంటే స్టైల్ షీటు చెబుతుంది.

ఈ ఆలోచనను హోకన్ వియుమ్ లీ 1994 అక్టోబరులో, సెర్న్ పరిశోధనశాలలో పనిచేస్తున్న కాలంలో ప్రతిపాదించారు. తర్వాత బెర్ట్ బోస్ ఆయనతో కలిశారు, 1996 డిసెంబరు 17న సీఎస్ఎస్ మొదటి స్థాయి, వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ సిఫారసుగా వెలువడింది. మరుసటి ఏడాది డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0, ఫాంట్, సెంటర్ వంటి అలంకార ట్యాగులను ఇక వదిలేయమని చెప్పింది. అయినా అప్పటి బ్రౌజర్లు స్టైల్ షీట్లను ఒక్కొక్కటి ఒక్కో రకంగా అర్థం చేసుకోవడం వల్ల చాలా ఏళ్లపాటు పేజీ అమరికకు పట్టికలనే, అంటే టేబుల్ ట్యాగునే వాడుతూ వచ్చాం. ఆనాడు అది తప్పనిసరి. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడూ, పేజీని అడ్డ, నిలువు వరుసలుగా విభజించే గ్రిడ్ పద్ధతిని స్టైల్ షీటులో అందుబాటులోకి తెచ్చాక ఆ అవసరం తీరిపోయింది.

మొదటి పని: మ్యాటర్‌ను శుభ్రం చేయడం

స్టైల్ షీటు రాయడం మొదలుపెట్టకముందే చేయవలసిన పని ఒకటుంది, మొత్తం శ్రమలో సగం అదే. రూపానికి సంబంధించినది ఏదీ మిగలకుండా మ్యాటర్‌ను తేటపరచాలి.

రూపమూ మ్యాటరూ అతుక్కుపోతే ఏమవుతుందో తెలుగు వారికి వివరించడం సులువు, ఎందుకంటే మనం దాన్ని అక్షరాల దగ్గరే అనుభవించాం. దుకాణం వారు ఇచ్చే మ్యాటర్ తరచుగా కరపత్రం వేసిన ప్రెస్సు నుంచి వస్తుంది. అది యూనికోడ్‌కు ముందటి డీటీపీ ఫాంటుతో టైపు చేసినదైతే, ప్రెస్సు కంప్యూటరులో చక్కని తెలుగుగా కనిపించిన వాక్యం మన ఫైలులో అతికించగానే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల వరుసగా మారుతుంది. అక్కడ తెలుగు మ్యాటరులో లేదు, ఫాంటులో ఉంది. ఫాంటును తీసేస్తే భాషే పోయింది. యూనికోడ్ తెలుగు అక్షరాలకు తమవైన 128 స్థానాలను కేటాయించి ఈ ముడిని విప్పింది. అక్షరం అక్షరంగా ఉంటుంది, ఏ ఫాంటు తొడిగినా అదే అక్షరం. స్టైల్ షీటు పేజీ అమరిక విషయంలో చేసేది సరిగ్గా ఇదే. కాబట్టి వచ్చిన మ్యాటర్‌ను మొట్టమొదట యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి అచ్చుతప్పులు చూసి, ఫైలును యూటీఎఫ్-8గా (యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి అది) భద్రపరచండి. మార్పిడి సాఫ్ట్‌వేరు ఒత్తుల దగ్గర పొరబడుతూ ఉంటుంది, అందువల్ల ఈ పరిశీలనను దాటవేయకండి.

తర్వాత ప్రతి భాగానికీ అది ఏమిటో చెప్పే ట్యాగును ఇవ్వండి. పేజీ పేరుకు హెచ్1, మెనూకు నావ్, అసలు విషయానికి మెయిన్, ఒక్కొక్క నగకు ఆర్టికల్, అడుగున చిరునామాకు ఫుటర్. ఒక నగ వివరం ఇలా ఉంటుంది: ఆర్టికల్ ట్యాగు లోపల ఒక ఫోటో, ఫోటో కనిపించనివారి కోసం దాని ఆల్ట్ వాక్యం, హెచ్3లో 'సత్‌లడా హారం' అనే పేరు, పేరా ట్యాగులో ధర. అంతే. వెడల్పు, రంగు, గీత, ఖాళీ, వీటిలో ఏదీ ఇక్కడ రాకూడదు. ఆ ఆర్టికల్‌కు 'కార్డు' అని ఒక క్లాసు పేరు, అంటే ఒకేలా కనిపించాల్సిన భాగాలన్నింటికీ ఉమ్మడి పేరు, పెడితే చాలు, మిగతాదంతా స్టైల్ షీటు చూసుకుంటుంది.

ఇది పొందికగా కనిపించడం కోసమే కాదు. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ పేజీని ఫైలులో ఉన్న వరుసలోనే చదివి వినిపిస్తుంది. పట్టికలతో కట్టిన పాత పేజీలలో అడ్డవరుస తర్వాత అడ్డవరుసగా గళ్లు చదవవలసి రావడం వల్ల, మెనూలో సగం, మధ్యలో ఒక ఆఫర్ ప్రకటన, మళ్లీ మెనూలో మిగతా సగం, ఆ తర్వాతెప్పుడో నగ పేరు వినిపించేవి. మ్యాటర్ తన సహజమైన వరుసలో ఉండి, అమరికను స్టైల్ షీటు చూసుకుంటే వినేవారికీ చూసేవారికీ ఒకే క్రమం దొరుకుతుంది. మీ పని సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవాలంటే స్టైల్ షీటు తగిలించకముందే ఆ ఫైలును బ్రౌజరులో తెరిచి పైనుంచి కింది వరకు పైకి చదవండి. అలంకారమేమీ లేని ఆ పేజీ అర్థవంతంగా వినిపిస్తే పునాది గట్టిగా ఉన్నట్లే.

ఒకే ఫైలు, అన్ని పేజీలకూ

ఇప్పుడు స్టైల్ షీటును విడి ఫైలుగా తయారుచేసి, ప్రతి పేజీ హెడ్ భాగంలో లింక్ ట్యాగు ద్వారా తగిలించండి. పేజీలోనే స్టైల్ ట్యాగు పెట్టి నియమాలు రాయవచ్చు గానీ అవి ఆ పేజీకే పరిమితం. ట్యాగు లోపలే స్టైల్ అని రాస్తే అది ఆ ఒక్క ట్యాగుకే పరిమితం. నా 46 పేజీల శ్రమకు మూలం అదే కాబట్టి, ఆ రెండు దారులనూ వదిలేయమనే నా సలహా.

విడి ఫైలు వల్ల వేగం కూడా కలిసివస్తుంది. కొనుగోలుదారు మొదటి పేజీ తెరిచినప్పుడు స్టైల్ షీటు ఒకసారి దిగుతుంది, బ్రౌజరు దాన్ని క్యాష్‌లో దాచుకుంటుంది. తర్వాతి పేజీలకు మ్యాటర్, ఫోటోలు వస్తే సరిపోతుంది. పాతబస్తీ గల్లీలలో సిగ్నల్ సరిగా అందని ఫోనులో ఈ తేడా బాగా తెలుస్తుంది. అయితే ఇదే క్యాష్ వల్ల, మీరు స్టైల్ షీటు మార్చినా యజమాని ఫోనులో పాత రంగే కనిపించి, "ఏం మారలేదు" అనే ఫిర్యాదు వస్తుంది. లింక్ ట్యాగులో ఫైలు పేరు చివర ప్రశ్నార్థకం పెట్టి, వెనుక ఒక సంఖ్య రాసి, మార్పు చేసినప్పుడల్లా ఆ సంఖ్యను పెంచండి. బ్రౌజరు దాన్ని కొత్త ఫైలుగా భావించి మళ్లీ దించుకుంటుంది. లింక్ ట్యాగు అన్ని పేజీలకూ ఉమ్మడిగా ఉండే హెడర్ ఫైలు నుంచి వచ్చే ఏర్పాటు ఉంటే ఈ సంఖ్యను కూడా ఒక్కచోటే మార్చవచ్చు.

రంగులకు పేర్లు పెట్టండి

నియమం పేజీలో దేనికి వర్తించాలో చెప్పే మాటను సెలెక్టర్ అంటారు. స్టైల్ షీటు మొదట్లోనే, మొత్తం పేజీకి వర్తించే రూట్ అనే సెలెక్టర్ కింద, సైటులో వాడే రంగులను, ఖాళీలను పేర్లతో నమోదు చేసుకోండి. వీటిని కస్టమ్ ప్రాపర్టీలు అంటారు. పేరుకు ముందు రెండు హైఫన్లు ఉండాలి. వాడేచోట వార్ అని రాసి బ్రాకెట్లలో ఆ పేరును ఇస్తే విలువ అక్కడికి వస్తుంది. బోర్డు మారినప్పుడు యజమాని అడిగిన మార్పు ఇప్పుడు ఈ ఒక్క పంక్తిలో ఉంటుంది.

ఈ పేర్లను, క్లాసుల పేర్లను తెలుగులో పెట్టుకోవడానికి సీఎస్ఎస్ అనుమతిస్తుంది. 'ప్రధాన-రంగు' అని, 'కార్డు' అని నిజంగానే తెలుగు లిపిలో రాయవచ్చు, బ్రౌజరు అంగీకరిస్తుంది. నేను రాసుకుంటాను కూడా, ఎందుకంటే దుకాణంలో కంప్యూటరు చూసుకునే అబ్బాయి నేను లేనప్పుడు ఫైలు తెరిచినా ఏ పంక్తి దేనికో అతనికి వెంటనే అర్థమవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. తెలుగు కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తును చేరుస్తాయి. ఒకచోట ఆ గుర్తుతో, మరోచోట అది లేకుండా టైపు చేస్తే చూడటానికి రెండు పేర్లూ దాదాపు ఒకేలా ఉన్నా బ్రౌజరుకు అవి వేరువేరు, నియమం పనిచేయదు. కాబట్టి మధ్యలో పొల్లు రాని పేర్లనే ఎంచుకోండి.

పేర్లు పెట్టుకునేటప్పుడే రంగుల మధ్య తేడాను కూడా తూచండి. నగల దుకాణం వారందరికీ బంగారు రంగు అక్షరాలు ఇష్టం. తెల్లని నేపథ్యం మీద 'గోల్డ్' అనే పేరుతో వచ్చే పసుపుకు కాంట్రాస్ట్ నిష్పత్తి సుమారు 1.4కు 1 మాత్రమే. మామూలు అక్షరాలకు కనీసం 4.5కు 1, పెద్ద అక్షరాలకు 3కు 1 ఉండాలని డబ్ల్యూ3సీ సౌలభ్య మార్గదర్శకాలు కోరుతున్నాయి. మిట్టమధ్యాహ్నం చార్మినార్ దగ్గర నిలబడి ఫోను చూసేవారికి ఆ బంగారు ధర అసలు కనిపించదు. ధరలను ముదురు రంగులో ఉంచి, బంగారాన్ని గీతలకూ అంచులకూ వాడండి. యజమానిని ఒప్పించడానికి మాటలకన్నా ఆయన ఫోనునే ఎండలోకి తీసుకెళ్లి చూపించడం మేలు.

నగలను వరుసలలో పేర్చడం

స్టైల్ షీటు విలువ పూర్తిగా తెలిసివచ్చేది ఇక్కడే, అందువల్ల ఈ భాగాన్ని నిదానంగా చూద్దాం.

పేజీ హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగు ఉందో లేదో ముందు చూసుకోండి. వెడల్పు పరికరం వెడల్పుతో సమానంగా ఉండాలని అది చెబుతుంది. అది లేకపోతే ఫోను బ్రౌజరు తనది 980 పిక్సెళ్లంతటి వెడల్పైన తెర అనుకొని పేజీని గీసి, మొత్తాన్ని చిన్నదిగా కుదించి చూపిస్తుంది. కింద చెప్పబోయేదేదీ అప్పుడు పనిచేయదు.

రెండోది బాక్స్-సైజింగ్. మామూలుగా ఒక పెట్టెకు వెడల్పు 300 పిక్సెళ్లని చెప్పి, లోపల రెండు వైపులా 20 చొప్పున ప్యాడింగ్ (గీతకూ మ్యాటరుకూ మధ్య ఖాళీ), 1 చొప్పున గీత ఇస్తే అది తెర మీద 342 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది, పక్కనున్న పెట్టె కింది వరుసలోకి జారిపోతుంది. స్టైల్ షీటు మొదట్లోనే అన్నింటికీ బాక్స్-సైజింగ్ విలువను బోర్డర్-బాక్స్ అని ఇస్తే 300 అంటే 300గానే ఉంటుంది.

ఇప్పుడు నగల కార్డులన్నింటినీ ఒక డివ్‌లో ఉంచి, దానికి 'వరుస' అనే క్లాసు ఇచ్చి, ఈ నియమం రాయండి:

.వరుస {
డిస్‌ప్లే: గ్రిడ్;
గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్: రిపీట్(ఆటో-ఫిల్, మిన్‌మ్యాక్స్(150పిఎక్స్, 1ఎఫ్ఆర్));
గ్యాప్: 16పిఎక్స్;
}

దీని అర్థం: ఒక్కో కార్డుకు కనీసం 150 పిక్సెళ్లు ఉండేలా తెరలో ఎన్ని నిలువు వరుసలు పడితే అన్ని పెట్టు, మిగిలిన చోటును వాటికే సమానంగా పంచు, మధ్యలో 16 పిక్సెళ్ల ఖాళీ వదులు. 360 పిక్సెళ్ల ఫోనులో అంచులకు 16 చొప్పున తీసేస్తే 328 మిగులుతాయి. రెండు కార్డులకు, మధ్య ఖాళీకి కలిపి 316 కావాలి కాబట్టి రెండు పడతాయి, ఒక్కొక్కటి 156 అవుతుంది. అదే పేజీని 1000 పిక్సెళ్ల చోటున్న కంప్యూటరులో తెరిస్తే ఆరు కార్డులకు 980 కావాలి, ఆరూ పడతాయి. హారాల ఫోటోలు పెద్దవిగా కనిపించాలనుకుంటే 150ని 220 చేయండి. అప్పుడు కంప్యూటరులో నాలుగు వరుసలు, ఫోనులో ఒకటే వస్తాయి. ఫోనుకు ఒక సైటు, కంప్యూటరుకు మరొక సైటు అని రెండు తయారుచేసే శ్రమ ఈ ఒక్క పంక్తితో తీరిపోయింది. పట్టిక ట్యాగుతో కట్టి ఉంటే అడ్డవరుసకు ఎన్ని నగలో మ్యాటరులోనే బిగించి ఉండేవాళ్లం, కొత్త నగను మధ్యలో చేర్చాలంటే ఆ తర్వాతి గళ్లన్నింటినీ ఒక్కో గడి ముందుకు జరపవలసి వచ్చేది.

మెనూ, అసలు విషయం, అడుగుభాగం కూర్చునే చోట్లను కూడా గ్రిడ్‌తోనే నిర్ణయించవచ్చు. తెర 700 పిక్సెళ్లు దాటినప్పుడు మాత్రమే మెనూ పక్కకు రావాలని మీడియా క్వెరీలో, అంటే తెర కొలతను బట్టి అమలయ్యే నియమంలో, రాసి, అంతకు తక్కువైతే అన్నీ ఒకదాని కింద ఒకటిగా వదిలేయండి. మెనూలోని లింకులు ఒకే వరుసలో సర్దుకోవడానికి ఫ్లెక్స్‌బాక్స్ సరిపోతుంది. గ్రిడ్ సాయంతో మ్యాటర్ వరుసను తెర మీద తారుమారు చేసే వీలు కూడా ఉంది గానీ, చదివి వినిపించే క్రమం, ట్యాబ్ మీట నొక్కితే కదిలే క్రమం ఫైలులో ఉన్నట్లే ఉంటాయి. అందువల్ల ముఖ్యమైనదాన్ని ఫైలులోనే ముందు రాయండి.

తెలుగు అక్షరానికి తగిన నియమాలు

ఇంగ్లీషు సైటుల కోసం రాసిన స్టైల్ షీటును తెచ్చి తెలుగు పేజీకి తగిలించినప్పుడు వచ్చే చిక్కులు చాలావరకు అక్షరం ఎత్తు దగ్గరే మొదలవుతాయి. 'స్త్రీ' అనే ఒక్క అక్షరాన్ని చూడండి. పైన గుడి దీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఇంగ్లీషుకు సరిపోయే పంక్తి ఎత్తులో కింది ఒత్తు, తర్వాతి పంక్తిలోని గుడిని తాకుతుంది. తెలుగు పేరాలకు లైన్-హైట్ 1.7 దగ్గర ఉంచితే కంటికి హాయిగా ఉంటుంది. దాన్ని పిక్సెళ్లలో కాక, ఏ ప్రమాణమూ లేని ఉత్త సంఖ్యగా రాయండి. 27 పిక్సెళ్లని రాస్తే 16 పిక్సెళ్ల పేరాకు బాగానే ఉంటుంది గానీ, 32 పిక్సెళ్ల శీర్షికకు కూడా ఆ 27 వారసత్వంగా వచ్చి రెండు పంక్తుల శీర్షికలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఉత్త సంఖ్య అయితే ఎక్కడికక్కడ గుణించుకుంటుంది.

లెటర్-స్పేసింగ్‌ను తెలుగుకు వాడకండి. గుణింతాలతో, ఒత్తులతో అల్లుకున్న మన రాత అక్షరాల మధ్య దూరం పెంచితే విడిపోయినట్లు కనిపిస్తుంది. ఇటాలిక్ కూడా అంతే. తెలుగు ఫాంట్లలో సాధారణంగా వాలు అక్షరాలు ప్రత్యేకంగా ఉండవు కాబట్టి బ్రౌజరు నిటారు అక్షరాన్నే బలవంతంగా పక్కకు వంచి చూపిస్తుంది. లాంగ్ అనే సెలెక్టరుతో తెలుగు భాగాన్ని ఎంచుకొని, నొక్కి చెప్పిన మాటలకు వాలు తీసేసి, రంగుతోనో కొంచెం మందంతోనో తేడా చూపండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష 'టీఈ' అని ప్రకటించి ఉంటేనే ఈ సెలెక్టర్ పనిచేస్తుంది.

బటన్లకు వెడల్పు, ఎత్తు బిగించకండి. ఇంగ్లీషులో ఒక చిన్న మాటగా ఉన్నది తెలుగులో 'దుకాణానికి ఫోన్ చేయండి' అవుతుంది. ప్యాడింగ్ మాత్రం ఇచ్చి వదిలేస్తే మాట ఎంత పొడవుంటే బటన్ అంత పెరుగుతుంది. సంధి కలిసిన పొడవైన పదాలు ఇరుకు కార్డులో అంచు దాటి బయటికి రాకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్‌ను బ్రేక్-వర్డ్ అని ఉంచండి.

ఫాంట్ల విషయంలో బ్రౌజరు ఒక్కో అక్షరానికి వెతుక్కుంటుందని గుర్తుంచుకుంటే చాలు. ఫాంట్-ఫ్యామిలీలో ముందు పేర్కొన్న ఫాంటులో ఆ అక్షరం లేకపోతే తర్వాతి దానికి వెళ్తుంది. శీర్షికలకు రామభద్ర వంటి బరువైన ఫాంటు, పేరాలకు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు బాగా ఇముడుతాయి. మూడూ ఉచితంగా దొరుకుతాయి. ఫాంట్-ఫేస్ నియమంలో యూనికోడ్-రేంజ్‌ను తెలుగు అక్షరాల పరిధికి, అంటే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు పరిమితం చేస్తే, పేజీలో తెలుగు అక్షరం ఉన్నప్పుడే ఆ ఫాంటు దిగుతుంది. ఫాంట్-డిస్‌ప్లే విలువ స్వాప్ అయితే ఫాంటు వచ్చేలోపు మ్యాటర్ ఫోనులోని ఫాంటుతోనే కనిపిస్తుంది. చదివేవారు ఖాళీ తెర వైపు చూస్తూ ఉండనక్కర్లేదు.

అదే సైటు ఉర్దూలో

హైదరాబాదులో దుకాణం సైటు తెలుగుతో, ఇంగ్లీషుతో ఆగదు. ఉర్దూ రాష్ట్రానికి రెండో అధికార భాష. పత్తర్‌గట్టి, లాడ్‌బజార్ దుకాణాలకు వచ్చేవారిలో ఎందరికో అది ఇంటి భాష. కుడి నుంచి ఎడమకు సాగే ఆ లిపి కోసం పేజీని మళ్లీ కట్టవలసిన పని లేదు. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాషను 'యూఆర్' అని, దిశను 'ఆర్‌టీఎల్' అని ప్రకటించగానే గ్రిడ్, ఫ్లెక్స్‌బాక్స్ తమంతట తామే కుడివైపు నుంచి పేర్చుకుంటూ వస్తాయి.

అయితే స్టైల్ షీటులో ఎడమ, కుడి అని రాసినవి మాత్రం తిరగవు. ధర పక్కన ఖాళీ కోసం మార్జిన్-లెఫ్ట్ అని రాసి ఉంటే ఉర్దూ పేజీలో ఆ ఖాళీ తప్పు వైపునే ఉండిపోతుంది. దాని బదులు మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్ అని రాయండి. పంక్తి ఎటు నుంచి మొదలైతే అటు అని దాని అర్థం. అలాగే టెక్స్ట్-అలైన్‌కు లెఫ్ట్ బదులు స్టార్ట్ అని రాయండి. మొదటి రోజు నుంచే ఈ అలవాటు చేసుకుంటే ఉర్దూ పేజీకి విడిగా కావలసినవి చాలా తక్కువ: ఉర్దూకు వాడే నస్తాలీఖ్ రాత శైలిలో ఒక ఫాంటు, ఆ రాత ఏటవాలుగా కిందికి దిగుతుంది కాబట్టి తెలుగుకన్నా మరింత ఎక్కువ లైన్-హైట్. ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికలు వేసేవారు నస్తాలీఖ్ పంక్తుల మధ్య ఎంత చోటు వదులుతారో గమనిస్తే తగిన కొలత తెలుస్తుంది.

ప్రింటు కోసం

పెళ్లి కొనుగోళ్లకు వచ్చే కుటుంబాలలో పెద్దవారి కోసం నగల జాబితాను కాగితం మీద తెచ్చుకునేవారు ఇంకా ఉన్నారు. మీడియా ప్రింట్ కింద నాలుగు పంక్తులు చాలు. మెనూకు, ఆఫర్లకు డిస్‌ప్లే నన్ అని, నేపథ్యం తెలుపు అని, కార్డు రెండు కాగితాల మీదికి చీలకుండా బ్రేక్-ఇన్‌సైడ్ అవాయిడ్ అని రాయండి. 'ప్రింటు పేజీ' అంటూ వేరే పేజీ కట్టవద్దు.

నియమాలు ఒకదానితో ఒకటి పోటీపడితే

ఒకే శీర్షికకు రెండు నియమాలు రెండు రంగులు చెబితే, ఎక్కువ నిర్దిష్టమైన సెలెక్టర్ గెలుస్తుంది. ట్యాగు పేరుకన్నా క్లాసు బలమైనది, ఎన్ని క్లాసులకన్నా ఒక ఐడీ (పేజీలో ఒక్క భాగానికే పెట్టే పేరు) బలమైనది. బలాలు సమానమైతే తర్వాత రాసినది నిలుస్తుంది. రాసిన మార్పు తెర మీద కనిపించనప్పుడు కంప్యూటరులో ఎఫ్12 నొక్కి, బ్రౌజరు తెరిచే పరిశీలన కిటికీలో ఆ శీర్షికను ఎంచుకొని చూడండి. ఓడిపోయిన నియమం మీద బ్రౌజరే గీత కొట్టి చూపిస్తుంది. ఆ సమయంలో ఇంపార్టెంట్ అనే మాటను తగిలించి గెలిపించాలనిపిస్తుంది. దయచేసి వద్దు. దాన్ని ఓడించడానికి మరుసటిసారి మరొక ఇంపార్టెంట్ కావలసి వస్తుంది, నెల తిరిగేసరికి స్టైల్ షీటులో ఏది ఎందుకు గెలుస్తోందో రాసినవారికే అంతుచిక్కదు. సెలెక్టర్లను ఒక్కొక్క క్లాసుకే పరిమితం చేసి, ఐడీలను స్టైల్ షీటులో వాడకుండా ఉంటే ఈ పోటీ దాదాపు రాదు.

పాత సైటును మార్చేటప్పుడు

అన్ని పేజీలనూ ఒకేసారి ముట్టుకోకండి. ఎక్కువమంది చూసే ఒక నగల పేజీని తీసుకొని, పైన చెప్పినట్లు మ్యాటర్ శుభ్రం చేసి, దానికి స్టైల్ షీటు తగిలించి, యజమాని ఫోనులో చూపించి ఒప్పుకోలు తీసుకోండి. తర్వాతి పేజీలకు అదే స్టైల్ షీటు సరిపోతుంది కాబట్టి ఒక్కొక్క పేజీకి పట్టే సమయం తగ్గుతూ వస్తుంది. శుభ్రం చేసిన పేజీలో ఫాంట్, సెంటర్ ట్యాగులు, గళ్లకు ఇచ్చిన రంగులు మిగిలిపోయాయేమో ఎడిటరులో వెతికి చూడండి. నా రెండు ఎరుపు పేజీలు ఇటువంటి వెతుకులాట చేయకపోవడం వల్లనే తప్పించుకున్నాయి.

పట్టిక ట్యాగును మాత్రం పూర్తిగా నిషేధించకండి. ముత్యం సైజు, రంగు, తులం ధర పక్కపక్కన చూపవలసిన చోట అది నిజంగానే పట్టిక, అక్కడ టేబుల్ ట్యాగే సరైనది. పండుగ ఆఫర్ల ఈమెయిల్ ఇంకొక మినహాయింపు. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు నేటికీ స్టైల్ షీటును సరిగా పట్టించుకోవు, అందువల్ల మెయిల్‌ను పట్టికతోనే కట్టి, నియమాలను ట్యాగుల్లోనే రాయవలసి వస్తుంది. దాన్ని సైటు ఫైళ్లలో కలపకుండా విడి ఫోల్డరులో ఉంచండి.

పని ముగించే ముందు దుకాణానికి వెళ్లండి. గల్లా దగ్గర ఉన్నవారి ఫోను, పాతదైనా సరే, అడిగి తీసుకొని సైటు తెరవండి. ఫోను సెట్టింగులలో అక్షరాల సైజు పెంచి, ధర కార్డు దాటి బయటికి పోతోందేమో, 'జుమ్కీలు'లో కకారపు ఒత్తు తెగుతోందేమో చూడండి. ఏదైనా తేడా కనిపిస్తే అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి స్టైల్ షీటులో ఆ ఒక్క పంక్తిని సరిచేసి, ఫైలు పేరు వెనుక సంఖ్యను ఒకటి పెంచి, అదే ఫోనులో మళ్లీ తెరిచి చూపించండి.